ఓడినా బరి వదలని కుర్రాళ్ళు
22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు - హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు చెప్పే పాఠం

పెనుగొలను (తిరువూరు):

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు పెద్దలు. హైదరాబాదు ఫుట్‌బాల్ జట్టు విషయంలో యీ సామెత అక్షరాలా నిజమయింది. 2022లో దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ పోటీలో విజేతగా నిలిచిన జట్టు, సరిగ్గా రెండేళ్ళు తిరిగేసరికి 12 జట్లలో అట్టడుగుకు జారిపోయింది. 2023-24 సీజనులో ఆ జట్టు 22 ఆటలాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. అయిదు ఆటలు సమమయ్యాయి. పదహారు ఓడింది. జట్టు వేసిన గోల్సు 10 కాగా, దాని వలలో పడినవి 43. మొత్తం సీజనుకు దక్కినవి ఎనిమిది పాయింట్లు.

మామిడి తోటలున్న తిరువూరు ప్రాంత రైతులకు కాపు వచ్చే ఏడు, రాని ఏడు కొత్త కాదు. ఒక ఏడు కొమ్మలు విరిగేలా కాసిన చెట్టు మరుసటి ఏడు పూత కూడా నిలవక బోసిగా నిలబడుతుంది. అంతమాత్రాన ఎవరూ చెట్టును నరుక్కోరు. పాదు చేస్తారు, ఎరువు వేస్తారు, మళ్ళీ పూత కోసం ఎదురు చూస్తారు. హైదరాబాదు జట్టుకు వచ్చింది కాపు లేని ఏడు మాత్రమేనా, లేక వేరుపురుగు పట్టిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

అట్టడుగు నుంచి శిఖరానికి

హైదరాబాద్ ఎఫ్‌సీ పేరుతో యీ జట్టు 2019 ఆగస్టులో ఏర్పడింది. అంతకు ముందున్న పూణే జట్టు స్థానంలో ఇండియన్ సూపర్ లీగులో అడుగుపెట్టింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం సొంత మైదానమయింది. మొదటి ఏడే చేదు అనుభవం. 18 ఆటల్లో రెండే గెలిచి పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. కొత్త జట్టు కదా అని అభిమానులు సరిపెట్టుకున్నారు.

స్పెయిన్ దేశానికి చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చాక జట్టు తీరు మారింది. 2020-21లో అయిదో స్థానానికి ఎగబాకింది. మరుసటి ఏడు ఏకంగా కప్పు గెలుచుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1గా ముగిసింది. ఓటమి ఖాయమనుకున్న దశలో, ఆట మరి రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా సాహిల్ తవోరా కొట్టిన గోల్ జట్టును నిలబెట్టింది. తరువాత పెనాల్టీల్లో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపి 3-1 తేడాతో కప్పు అందించాడు. ఆ సీజనులో నైజీరియా ఆటగాడు ఓగ్బెచే ఒక్కడే 18 గోల్సు చేశాడు.

ఇక్కడొక విచిత్రం వుంది. కరోనా కారణంగా ఆ రెండేళ్ళూ పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. కాబట్టి జట్టు కప్పు గెలిచిన ఏడు హైదరాబాదు జనం తమ సొంత మైదానంలో ఒక్క ఆట కూడా చూడలేదు. మొదటి ఏడు పరాజయాలు చూశారు. 2022-23లో జట్టు సొంతూరికి తిరిగివచ్చి రెండో స్థానంలో నిలిచినప్పుడు కొంత ఆనందించారు. ఆ తరువాతి ఏడు మళ్ళీ పరాజయాలే చూడవలసి వచ్చింది.

జీతాలు లేని ఆట

2023 వేసవిలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. ఓగ్బెచే సహా పలువురు ప్రధాన ఆటగాళ్ళు కూడా వెళ్ళిపోయారు. మాజీ ఆటగాళ్ళకు చెల్లించవలసిన బకాయిల విషయమై అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా జట్టుపై నిషేధం విధించింది. వున్న ఆటగాళ్ళకూ సిబ్బందికీ నెలల తరబడి జీతాలు సరిగా అందడం లేదన్న వార్తలు జాతీయ పత్రికల్లో వరుసగా వెలువడ్డాయి.

సీజను సగంలో విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా మూట సర్దుకున్నారు. బ్రెజిల్‌కు చెందిన జోవావ్ విక్టర్ మాత్రం వుండిపోయాడు. ఐర్లండ్‌కు చెందిన కొత్త శిక్షకుడు కూడా వెళ్ళిపోవడంతో మణిపూర్‌కు చెందిన థాంగ్‌బోయ్ సింగ్టో ఆ భారం తలకెత్తుకున్నాడు. ఎదుటి జట్లు నలుగురేసి విదేశీ ఆటగాళ్ళను ఒకేసారి బరిలోకి దింపుతుంటే, హైదరాబాదు వైపున మీసాలు కూడా సరిగా మొలవని కుర్రాళ్ళు వారిని ఎదుర్కొన్నారు.

కేరళకు చెందిన అబ్దుల్ రబీ, అలెక్స్ సాజీ, మిజోరంకు చెందిన రామ్‌లున్‌ఛుంగా, మార్క్ జోథాన్‌పుయా, మణిపూర్ కుర్రాడు మాకన్ చోథే వంటివారు ఆ కుర్రాళ్ళలో వున్నారు. అంతా సవ్యంగా వున్న జట్టులోనయితే వీరిలో కొందరు అదనపు ఆటగాళ్ళుగా బల్లమీద కూర్చుని మంచినీళ్ళందించవలసిన వయసువారే. ఇక్కడ మాత్రం వారం వారం తొంభై నిమిషాలు పరుగెత్తారు. రెండు గోల్సు తేడాతో ఓడారు, మూడు గోల్సు తేడాతో ఓడారు. మరుసటి వారం మళ్ళీ వచ్చి వరుసలో నిలబడ్డారు.

మార్చి తొమ్మిది

పొలం ఎండిపోయాక పడిన వాన లాగ, 2024 మార్చి 9న చెన్నైలో ఆ ఒక్క గెలుపు దక్కింది. చెన్నయిన్ జట్టును వారి సొంత మైదానంలోనే 1-0తో హైదరాబాదు కుర్రాళ్ళు ఓడించారు. సీజను మొదలయి అప్పటికి అయిదు నెలలు దాటింది. పట్టికలో ఆ గెలుపు వల్ల స్థానం మారలేదు. అంతకు ముందూ చివరి స్థానమే, చివర్లోనూ చివరి స్థానమే. కాని ఆట ముగిసిన ఈల మోగినప్పుడు ఆ కుర్రాళ్ళ ఆనందం కప్పు గెలిచినవారి ఆనందానికి తీసిపోలేదు.

ఓటమికి కారణాలు వెదకడం కష్టమేమీ కాదు. ఆటగాళ్ళకు కాళ్ళల్లో బలం లేక ఓడారనుకోవడం పొరపాటు. కూలి సరిగా అందని చోట, పక్కనున్నవాడు రేపు వుంటాడో వుండడో తెలియని చోట జట్టు అనేది నిలవదు. పదకొండు మంది కలిసి ఆడవలసిన ఆటలో ఒకరి పాదం కదలికను మరొకరు కనిపెట్టాలంటే నెలల తరబడి కలిసి సాధన చేయాలి. కప్పు గెలిచిన జట్టుకు ఆ అవకాశం దొరికింది. ఓడిన జట్టుకు దొరకలేదు. ఇదే అసలు తేడా.

పది గోల్సు చూసిన మేష్టారు

హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఓటమి కొత్త కాదు. ఓటమి నుంచి నేర్చుకోవడం కూడా కొత్త కాదు. అందుకు నిదర్శనం సయ్యద్ అబ్దుల్ రహీం జీవితమే.

1909లో పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టులో ఆడాడు. సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న జట్టులోనూ ఆడాడు. ఆ తరువాత బడిపంతులయ్యాడు. చాదర్‌ఘాట్ హైస్కూలుతో సహా పలు పాఠశాలల్లో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకుడుగా వ్యవహరించాడు. పిల్లలు బంతిని తమ దగ్గరే వుంచుకోకుండా వెంటనే అందించడం అలవాటు కావాలని అందుకోసమే ప్రత్యేక పోటీలు పెట్టేవాడు. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో మరో రకం పోటీలు నడిపేవాడు.

1952లో హెల్సింకి ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టుకు శిక్షకుడు రహీమే. ఆ ముందు ఏడాది ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇదే దేశం స్వర్ణం గెలిచింది. హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. చలిదేశంలో మనవాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. ఆ పరాభవం తరువాతనే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

రహీం చేతులు ముడుచుకు కూర్చోలేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండం నుంచి అంతవరకు ఏ దేశమూ ఆ మెట్టు ఎక్కలేదు. చివరకు నాలుగో స్థానం దక్కింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, తులసీదాస్ బలరామ్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో వున్నారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల కథ మరీ ఆసక్తికరం. భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుతూ కూడా రహీం జట్టు వెంటే వున్నాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి జట్టు స్వర్ణం గెలిచింది. బలరామ్‌తో పాటు యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో వున్న హైదరాబాదు ఆటగాడు. మరుసటి ఏడు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు.

రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో విడుదలయింది. సరిగ్గా అదే నెలలో హైదరాబాదు జట్టు తన చివరి స్థానాన్ని ఖాయం చేసుకుని సీజను ముగించింది. తెరమీద మేష్టారి విజయం చూసి జనం చప్పట్లు కొడుతుంటే, ఆయన ఊరి జట్టు గచ్చిబౌలిలో తలదించుకుని మైదానం వదిలింది.

ఒకనాటి వైభవం

నేటి కుర్రకారుకు నమ్మశక్యం కాకపోవచ్చు గాని, ఒకప్పుడు హైదరాబాదు పేరు చెబితే కలకత్తా, బొంబాయి జట్లకు గుండెల్లో రాయి పడేది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58లలో వరుసగా రెండుసార్లు గెలుచుకోగా, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి దక్కింది. ఆ తరువాత యీ గడ్డకు ఆ ట్రోఫీ మళ్ళీ రాలేదు.

ఆ ఆటగాళ్ళు ధనవంతుల బిడ్డలు కారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టిన బలరామ్, పోలీసుల పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాని చేత బూట్లు కుట్టించుకుని ఆడినట్లు చెప్పుకొనేవాడు. పోలీసు శాఖలో ఉద్యోగం వస్తుందన్న ఆశ ఆనాటి కుర్రాళ్ళను మైదానానికి నడిపించింది. ఆడితే అన్నం దొరుకుతుందన్న భరోసా వుండేది.

కాలక్రమంలో మంచి ఆటగాళ్ళు కలకత్తా దారి పట్టారు. 1966లో నయీముద్దీన్, హబీబ్ ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో ఈడెన్ గార్డెన్సులో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ ఆట 2-2గా ముగిసినప్పుడు ఒక గోల్ హబీబ్‌దే. వారి పేరు కలకత్తా వీధుల్లో మారుమోగింది. సొంత ఊళ్ళో మాత్రం వారి వెనుక వచ్చే వరుస పలచబడుతూ వచ్చింది. శాఖల జట్లు తగ్గాయి, ఉద్యోగాలు తగ్గాయి, ఖాళీ స్థలాల్లో మేడలు లేచాయి.

2023 ఫిబ్రవరిలో బలరామ్, ఆగస్టు 15న హబీబ్ చనిపోయారు. ఆ ఇద్దరు పెద్దలు వెళ్ళిపోయిన ఏడే హైదరాబాదు జట్టు ఓటముల బాట పట్టడం కాకతాళీయమే అయినా అభిమానుల మనసును కలచివేసింది.

పేరు మనది, ఆట వారిది

పరాజయాల జాబితా కంటె ఎక్కువగా ఆలోచింపజేసే విషయం మరొకటి వుంది. జట్టు పేరులో హైదరాబాదు వుంది. కాని బరిలో నిలిచిన కుర్రాళ్ళలో అధికులు కేరళ, మిజోరం, మణిపూర్‌ల వారు. వారు చేసిన సేవకు వంక పెట్టవలసింది లేదు. జీతం అందినా అందకపోయినా పరాయి ఊరి పేరును గుండెమీద వేసుకుని పరుగెత్తినందుకు వారికి చేతులెత్తి మొక్కాలి. అయితే ఒకప్పుడు భారత జట్టుకు సగం మందిని పంపిన ఊరు తన జట్టుకు తానే పిల్లలను పంపుకోలేని స్థితికి ఎలా వచ్చిందన్నది ప్రశ్న.

2024లో యాజమాన్యం చేతులు మారింది. 2024-25లో జట్టు 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అట్టడుగున పుట్టి, శిఖరం చూసి, మళ్ళీ అట్టడుగుకు వచ్చి, చివరకు ఊరే విడిచింది. ఆరేళ్ళలో ఇదీ కథ. నేలలో వేరు దిగని చెట్టును పెకలించి మరోచోట నాటడం ఎంత సులువో దీనివల్ల తెలుస్తున్నది.

అంతా చీకటే అనడం కూడా న్యాయం కాదు. హైదరాబాదుకే చెందిన శ్రీనిధి డెక్కన్ జట్టు, ఆ 2023-24 సీజనులోనే ఐ-లీగులో రెండో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడు కూడా రెండో స్థానమే. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. కేరళను 1-0తో ఓడించి బెంగాల్ గెలిచింది. అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామంలో పల్లె పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. నిజామాబాదు జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టుకు ఆడింది. విత్తు లేకపోలేదు, నీరు పెట్టేవారే కరువు.

నాలుగు సెంట్లు - ఎకరం ముప్పాతిక

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని పెనుగొలను వంటి పల్లెలకు యీ కథతో సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం వుంది.

పల్లెల్లో సాయంత్రమయితే వాలీబాల్ వల కడతారు, కబడ్డీ గీత గీస్తారు. వాలీబాల్ కోర్టుకు కావలసింది 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అంటే సుమారు నాలుగు సెంట్ల స్థలం. కబడ్డీకి అంతకంటె తక్కువే చాలు. గుడి ముందో, బడి వెనుకో ఆ జాగా దొరుకుతుంది. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానానికి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు కావాలి. అది దాదాపు ఎకరం ముప్పాతిక. పత్తి, మిర్చి పండే నేలలో ఎకరం ముప్పాతికను ఆటకు వదిలేవారెవరు? మన పల్లెల్లో ఫుట్‌బాల్ పెరగకపోవడానికి ఇష్టం లేకపోవడం కాదు, జాగా లేకపోవడం ఒక ముఖ్య కారణం.

ఇక ఇంటర్మీడియట్, డిగ్రీ కాలేజీల సంగతి. అంతర్ కళాశాలల పోటీలకు జట్టును పంపాలి కాబట్టి పదకొండు మందిని పోగు చేయడం, కబడ్డీ ఆడేవానికీ పరుగు పందెం కుర్రానికీ చొక్కాలు తొడిగి పంపడం పల్లెటూరి విద్యార్థులెరిగిన ముచ్చటే. వెళ్ళినవారు మొదటి ఆటలోనే ఓడి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు. మరుసటి ఏడు మళ్ళీ కొత్తవారిని పోగు చేస్తారు. ఓడినందుకు వారిని ఎగతాళి చేయడమే గాని, ఎందుకు ఓడారని అడిగి కూర్చోబెట్టి నేర్పేవారు తక్కువ. రహీం వంటి మేష్టారు చేసిన పని సరిగ్గా అదే.  పది గోల్సు పడ్డాక కాళ్ళకు బూట్లు లేవన్న సంగతిని అందరూ గుర్తించారు.

చేయవలసిందేమిటి?

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. పిల్లలు నేర్చుకోవడానికి పూర్తి మైదానమే కావాలనే నియమం లేదు. అయిదుగురేసి, ఏడుగురేసి ఆడే చిన్న మైదానాలు చాలు. బడి ఆవరణలో రెండు వెదురు గడలు పాతితే గోల్ స్తంభాలవుతాయి. కావలసినవి నాలుగు బంతులు, ఒక ఈల, రోజూ సాయంత్రం గంటసేపు నిలబడే వ్యాయామోపాధ్యాయుడు. ఖాళీగా వున్న వ్యాయామోపాధ్యాయుల పోస్టులను ఎప్పటికప్పుడు భర్తీ చేయడం, ఆటల గంటను లెక్కల క్లాసుకు అప్పగించకుండా వుండడం, ఆడి పైకి వచ్చిన పిల్లలకు ఉద్యోగాల్లో క్రీడా కోటాను నిజాయితీగా అమలు చేయడం ప్రభుత్వం చేయగలిగిన పనులే.

హైదరాబాదు జట్టు ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఆ ఎనిమిది పాయింట్ల సీజను రికార్డు పుస్తకాల్లో ఒక వరుసగా మిగిలిపోయింది. అయినా చెన్నైలో ఒక సాయంత్రం, జీతాలు సరిగా అందని కుర్రాళ్ళు, ఎవరూ గెలుస్తారనుకోని కుర్రాళ్ళు గెలిచి చూపించారు. ఒక ఏడు పంట పోయిందని రైతు నాగలిని అటకెక్కించడు. తొలకరి పడగానే మళ్ళీ చాలు తీస్తాడు. మన బడుల్లోనూ, కాలేజీల్లోనూ ఫుట్‌బాల్‌కు ఆ తొలకరి ఎప్పుడు పడుతుందా అని క్రీడాభిమానులు ఎదురు చూస్తున్నారు.